ఇదుగో

"ఆ టోపీ నెత్తిన పెట్టాక మధ్యలో కరెంటు పోతే ఏటవుద్దే? నీ మనసు సగం నీ దగ్గరా, సగం ఆ డబ్బాలోనూ ఉండిపోతే నేనెవర్నడగాలి?"

ఇంకా బస్సే రాలేదు. ముంపు శిబిరం గేటు దగ్గర, రేకుల నీడలో నిలబడి, నూకరత్నం చేతిసంచి మూతికి రెండో ముడి వేస్తూ అడిగింది. ఒక ముడి ఊడిపోవచ్చు. ఊడిపోగలిగిందేదైనా ఊడిపోతుందనే ఆమె నమ్మకం.

"మెట్టపురంలో కరెంటు పోదమ్మా. మన దగ్గరే పోతాది," అంది గంగాభవాని.

"ఇయ్యాళే పోతే?"

"పోతే ఆ సగం నువ్వుంచుకో. ఎలాగూ ఇన్నాళ్ళూ నువ్వే వాడుతున్నావుగా."

పక్కనే నిలబడ్డ నిరంజన్ ఫక్కున నవ్వి, అత్తగారు చూసేసరికి దగ్గులోకి మార్చేశాడు. నూకరత్నం మూడో ముడి వేసింది.

వాళ్ళ ఊరు పాతరేవుని సముద్రం ఒక్కసారిగా మింగలేదు. ముందు ఒడ్డున ఆరబెట్టిన వలలు పట్టుకుపోయింది. తర్వాత బీచి రోడ్డు, ఆ తర్వాత నూకాలమ్మ గుడి ప్రహరీ. చివరికి బడి గోడ మీద రాసిన ఎక్కాలు అలలకు తడుస్తూ కొన్నాళ్ళు కనిపించి, అవీ పోయాయి. నూకరత్నం అయిదో తరగతి దాకా చదువుకున్నది ఆ గోడ వెనకాలే. అలా ఊళ్ళు పోయినవాళ్ళందరినీ తెచ్చి శిబిరంలో పెట్టారు. ఇప్పుడు శిబిరం వెనక్కి కూడా ఉప్పునీరు వస్తోంది. వానలు మొదలయ్యేలోగా ఖాళీ చేయాలన్నారు. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎగువన, రాతిగుట్టల మీద, మెట్టపురం ఉంది. అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఆ ఊరి పౌరుణ్ణో పౌరురాలినో పెళ్ళాడిన ముంపువాళ్ళకి శాశ్వత నివాసం ఇస్తారు. శిబిరంలో దాన్ని అందరూ 'పర్మినెంటు' అంటారు. పర్మినెంటు వస్తే తల్లినో తండ్రినో కూడా వెంట తీసుకెళ్ళొచ్చు. మొదట్లో పెళ్ళిఫొటోలు చూసి ఇచ్చేవారు. దొంగపెళ్ళిళ్ళు ఎక్కువయ్యాయని తర్వాత ఒక యంత్రం తెచ్చారు. దాని పేరు తోడుకొలత. పౌరుడి మాట మాటగానే చెల్లుతుంది. ముంపువాళ్ళ మనసుని మాత్రం తెరిచి చూడాలి.

నిరంజన్ మెట్టపురం వాడే. నీటిపైపులు బాగుచేసే ఉద్యోగం. శిబిరంలో బోరు పంపు బిగించడానికి వచ్చి, గంగ ఎండుచేపలు ఆరబెట్టిన పట్టా మీదుగా బూట్లతో నడిచాడు. గంగ చేతిలో ఉన్న బుట్టెడు మెత్తళ్ళు అతని చొక్కా మీద బోర్లించింది. ఆ వాసన వదలక మూడు ఉతుకులు ఉతికానని చెప్పడానికి మళ్ళీ వచ్చాడు. పంపు బాగానే ఉన్నా ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు.

పెళ్ళి శిబిరంలోనే చేశారు. కొత్తజంటని గుమ్మంలో ఆపి, పేర్లు చెబితేనే దారిస్తామని ఆడవాళ్ళంతా అడ్డం నిలబడ్డారు. నిరంజన్ శిబిరం దద్దరిల్లేలా "గంగాభవాని!" అని అరిచాడు. గంగ నవ్వుతూ నోరు తెరిచింది. ఎక్కడినుంచి వచ్చిందో నూకరత్నం వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న చేత్తోనే కూతురి నోరు మూసేసింది.

"వద్దమ్మా! ఇంటాది."

వినేది సముద్రం. మొగుడి పేరు పెళ్ళాం నోట వింటే సముద్రం ఆ పేరు నేర్చుకుంటుందనీ, ఏదో ఒకనాడు తనే పిలుస్తుందనీ నూకరత్నానికి ఆమె అత్తగారు చెప్పింది. ఆ మాట మీద నూకరత్నం ఎంత గట్టిగా నిలబడిందంటే, జాతరలో అమ్మవారి గరగలు ఊరేగుతుంటే అందరూ "గరగలొచ్చాయి" అంటే, ఆమె మాత్రం "అమ్మోరి బిందెలొచ్చాయి" అనేది. ఆమె మొగుడి పేరు గరగయ్య. "ఏం వదినా, ఆ బిందెల్నేమంటారో ఒక్కసారి సెప్పు!" అని మరదళ్ళు కొంగు పట్టుకుని ఏడిపించేవారు. పెదవి కదిపేది కాదు.

అలా గంగ కూడా నిరంజన్‌ని పేరుతో పిలవలేదు. "ఇదుగో" అనేది. కోపం వస్తే గట్టిగా "ఇదుగో!" అనేది. ముద్దొస్తే సాగదీసి "ఇదుగోఁ" అనేది. అతను ఏ గొట్టంలో తల దూర్చి ఉన్నా ఆ మాటకి బయటికి వచ్చేవాడు.

*

మెట్టపురంలో తోడుకొలత కేంద్రం గుమ్మంలో ఒకాయన నూకరత్నం వివరాలడిగాడు.

"మీ ఆయన పేరు?"

నూకరత్నం కూతురి వంక చూసింది.

"ఓలేటి గరగయ్య," అంది గంగ.

"ఉన్నారా?"

"యేటకెళ్ళాడు," అంది నూకరత్నం.

గంగ నేల చూపులు చూసింది. గంగ పరికిణీలు కట్టుకునే వయసులో, తుపాను ముందు రోజు, గరగయ్య పడవ వేటకి వెళ్ళింది. పడవ రాలేదు. చెక్కముక్క కూడా రాలేదు. నూకరత్నం బొట్టు తియ్యలేదు, మెట్టెలు తియ్యలేదు. ఎవరేమన్నా "యేటకెళ్ళాడు" అనే చెబుతుంది. వేటకి వెళ్ళినవాడు తిరిగి రావడానికి ఇంకా దారి ఉంటుంది.

లోపల గాజుగది. గదిలో కుర్చీ, కుర్చీ మీద తీగెల టోపీ. దాన్ని నడిపే అమ్మాయి పేరు మృదుల. చూపుల్లో అలసట ఉన్నా మాటలో మెత్తదనం ఉన్న పిల్ల. టోపీలోంచి షాకు కొడుతుందా, జుట్టు ఊడుతుందా, రేప్పొద్దున పుట్టబోయే పిల్లలకేమైనా అవుతుందా అని నూకరత్నం అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా లేదని చెప్పింది.

"ఒక మనిషి తాలూకు జ్ఞాపకాలన్నీ మన లోపల ఒక పిలుపుని పట్టుకుని వేలాడుతుంటాయమ్మా. ఆ పిలుపు చెవిలో వినిపిస్తే అవి కదులుతాయి. ఎంత కదిలాయో ఇక్కడ తెర మీద కనబడుతుంది. అంతే."

నూకరత్నం వేరేగా అర్థం చేసుకుంది. వలకి పైతాడు ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే వలంతా పైకి వస్తుంది. వలలో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

"మరి లాగింది మళ్ళీ లోపలికి ఎల్తాదా?"

మృదుల కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కొంచెం వెలిసిపోతుంది. ఎండలో ఆరేసిన రంగుచీరలా. మొత్తం కాదు. ఎంత కదిలితే అంత."

కూతుర్ని ఆపాలని నూకరత్నం గాజుగదివైపు తిరిగింది. కానీ గంగ అప్పటికే టోపీ పెట్టుకుని, గాజు అవతలి నుంచి నాలుక బయటపెట్టి నిరంజన్‌ని వెక్కిరిస్తోంది.

మృదుల మీట నొక్కింది. గంగ చెవిలో "నిరంజన్" అని వినిపించింది. తెర మీద సన్నటి తెల్లగీత ఒకటి పాకింది. మళ్ళీ "నిరంజన్". గీత గీతలాగే ఉంది. మృదుల తీగెలు సరిచూసి మూడోసారి వినిపించింది. గాలి లేని రోజు నీటిమీద గీసినట్టు, ఆ గీత కదల్లేదు.

"ఈ పేరుకి ఆమె లోపల ఏమీ లేదండీ," అంది మృదుల నెమ్మదిగా. "ఇలా వస్తే... ఉత్తుత్తి పెళ్ళి అని రాయాల్సి ఉంటుంది."

నిరంజన్ తెర దగ్గరికి వచ్చాడు. "గట్లెట్లయితది మేడం? మీ మిషన్ల ఏదో ఖరాబున్నది. మళ్ళ చూడుండ్రి."

అప్పుడు నూకరత్నానికి అర్థమైంది. పెళ్ళిరోజు కూతురి నోటి మీద తను పెట్టిన చెయ్యే ఇప్పుడు ఈ గీతని అణిచిపెట్టింది. ఉత్తుత్తి పెళ్ళి అంటే శిబిరానికి తిరిగి పంపుతారు. వానలొస్తే శిబిరం ఉండదు. ఆమె ఆగలేకపోయింది.

"పేరు కాదమ్మా! మా పిల్ల పేరెట్టి పిలవదు. నేనే పిలవనియ్యలేదు. 'ఇదుగో' అంటాది. అది ఎట్టి సూడండి. దాని గొంతుతోనే ఎట్టండి!"

మృదుల యంత్రం ఆపింది. తర్వాత గంగని బయటికి పిలిచి ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"పేరు మీద ఏమీ లేదు కాబట్టి ఏమీ పోలేదు. కానీ రోజూ వాడే పిలుపంటే... దాని మీద అన్నీ ఉంటాయి. అన్నీ కదిలితే అన్నీ వెలిసిపోతాయి. నేను దాచి చెప్పను. ఆలోచించుకోండి."

"అద్దు," అన్నాడు నిరంజన్ వెంటనే. "ఏమద్దు. నేనే మీతోని కిందికొస్త."

"వచ్చి? సముద్రంలో పైపులు బిగిస్తావా?" అంది గంగ.

"బిగిస్త."

"ఈత కూడా రాదు నీకు." అమ్మ వంక చూసింది, అమ్మ చీర అంచు వంక చూసింది. ఆ అంచు శిబిరం ఉప్పునీటికి తెల్లగా గట్టిపడి ఉంది. "ఇదుగో. నేను మర్చిపోతే నువ్వు మళ్ళీ చెప్తావు కదా?"

"చెప్త. నీకు యాష్టకొచ్చి 'ఇగ సాలు' అనేదాక చెప్త."

"మెత్తళ్ళ సంగతి ముందు చెప్పు."

"అదే ముందు."

గంగ గొంతుతోనే ఆ మాట పట్టి, ఆమె చెవిలోనే వినిపించారు. "ఇదుగో."

తెర నిండిపోయింది. నూకరత్నం తన జన్మలో అన్ని రంగులు ఒక్కచోట చూడలేదు. నిండుపున్నమికి వల లాగితే చేపలన్నీ ఒక్కసారి వెండిలా మెరిసినట్టు, తెర అంచులు దాటి ఇంకా ఇంకా పైకి వచ్చాయి. మృదుల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంత నిండైన పెళ్ళి నేనిక్కడ చూడలేదమ్మా," అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు సంతోషానివో కావో నూకరత్నానికి తెలియలేదు.

రంగులు ఆరిపోయాయి. గంగ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నుదుటి మీద టోపీ అచ్చు ఎర్రగా పడింది. అమ్మని చూసి నవ్వింది. తర్వాత అమ్మ పక్కన నిలబడ్డ నిరంజన్ వైపు తిరిగి, పరాయి ఊళ్ళో దారి అడిగినంత మర్యాదగా అడిగింది.

"మంచినీళ్ళెక్కడ ఉంటాయండీ?"

*

పర్మినెంటు వచ్చింది. మెట్టపురంలో నాలుగో అంతస్తులో రెండు గదులు. కుళాయి తిప్పితే నిజంగానే నీళ్ళొచ్చాయి. కట్టేసినా ఒక్కో చుక్క పడుతూనే ఉంటే, ట్యాంకంతా ఖాళీ అయి ఇల్లు మునుగుతుందని నూకరత్నం కింద గిన్నె పెట్టింది.

గంగకి అన్నీ తెలుసు. ఇతను తన భర్త అని తెలుసు, ఎక్కడ పెళ్ళయిందో తెలుసు. పక్కింటి పెళ్ళి గురించి తెలిసినట్టు తెలుసు. అతనికి వడ్డించేది, చొక్కా గుండీ ఊడితే కుట్టేది. 'మీరు' అనేది. ఒకరోజు పొరపాటున 'సార్' అంది. అన్నం కలుపుతున్న నిరంజన్ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నవ్వి, మళ్ళీ కలుపుకున్నాడు.

ఇచ్చిన మాట ప్రకారం అతను చెబుతూనే ఉన్నాడు.

"బుట్ట మొత్తం నా షర్టు మీదనే బోర్లించినవ్. మా ఆఫీసుల నా పక్కన ఒక్కడు కూసోలే."

"అయ్యో, మరక పోయిందా?" అంది గంగ, నిజంగా జాలిపడి.

అతను పైపుల పనినుంచి వచ్చి, గుమ్మంలోంచి తనే "ఇదుగో!" అని పిలిచి చూశాడు కూడా. గంగ తిరిగి చూసింది. ఎవరు పిలిచినా చూసేటట్టే చూసింది. "ఏమైనా కావాలా అండీ?"

నూకరత్నం ఒంటరిగా మృదుల దగ్గరికి వెళ్ళింది. అంత దూరం ఒక్కతే బస్సెక్కడం ఆమె బతుకులో అదే మొదలు. మృదుల ఆమెని కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"తిరిగొచ్చే దారి లేదా అమ్మా? నెమ్మదిగానైనా?"

"రాదమ్మా. ఆ పిలుపు ఖాళీ అయిపోయింది. ఇంక దానికి ఏదీ అంటదు." మృదుల తన కప్పు పక్కకి జరిపింది. "తక్కువ ప్రేమ ఉన్నవాళ్ళకి తక్కువే పోతుంది. వాళ్ళు ఎప్పట్లాగే చేతులు పట్టుకుని వెళ్తారు. ఇలా నిండుగా వచ్చిన ప్రతిసారీ నాకు ఆ రోజు అన్నం సయించదు."

"మరి ఎందుకు సేత్తున్నావమ్మా ఈ పని?"

ఆ పిల్ల తర్వాత వచ్చే జంట కాయితాలు ముందుకి లాక్కుంది. టీ చల్లారిపోయింది.

ఇంటికి వచ్చేసరికి నిరంజన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు. అల్లుడితో ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు నూకరత్నానికి లేదు. గోడవైపు కొంచెం తిరిగి నిలబడింది.

"అత్తమ్మా, నేను పైపుల గోదాంల గది చూసుకున్న. రేపు పొద్దుగాల పోత. మీ ఇద్దరికి కాయితం అచ్చింది, ఎవ్వలు వెళ్ళగొట్టరు, ఫికర్ పెట్టుకోకుండ్రి."

"అదేటి బాబూ..."

"ఆమె నన్ను జూసి భయపడుతలేదు. కోపం గూడ లేదు. మంచిగనే జూస్తది." అతను మాటలు వెతుక్కున్నాడు. "సుట్టపోణ్ణి జూసుకున్నట్టు జూస్తది. అది తట్టుకుంటలేను అత్తమ్మా. ఆమె తిడితే ఉండేటోణ్ణి."

*

తెల్లవారింది. గంగ వంటింట్లో నేల మీద కూర్చుని మెత్తళ్ళ తలలు తుంచుతోంది. అవతలి గదిలో నిరంజన్ సర్దుకుంటున్నాడు. పానాలు, స్క్రూడ్రైవర్లు ఇనుపపెట్టెలో ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు. నూకరత్నం కూతురి పక్కనే కూర్చుని తనూ ఒక చేప తీసుకుంది. నిన్నటినుంచీ ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. పేరు మీద ఏమీ లేదు కాబట్టి ఏమీ పోలేదంది ఆ పిల్ల. అంటే ఆ తాడు ఉంది. దానికి ఎప్పుడూ వల కట్టలేదంతే. ఎవరూ వాడని కొత్తతాడు.

"పేరెట్టి పిలువే," అంది.

"ఎవర్ని?"

"అబ్బాయిని. ఎల్లిపోతన్నాడు. పేరెట్టి పిలువు."

గంగ వేళ్ళు ఆగాయి. "నువ్వే కదమ్మా వద్దన్నావు. పెళ్ళిరోజు నా నోరు మూశావు. అది గుర్తుంది నాకు. నీ చెయ్యి, ఉల్లిపాయ వాసనా. ఎవరి పేరు చెప్పబోయానో అప్పుడు నాకేమనిపించిందో, అది మాత్రం లేదు."

"ఇక్కడ సముద్రం లేదు కదే. ఇనదు."

"వింటే?" గంగ గొంతు తగ్గించి తలుపువైపు చూసింది. "మంచోడమ్మా అతను. నా వల్ల ఏమైనా అయితే?"

నూకరత్నం చేతిలో చేప అలాగే ఉండిపోయింది. కూతురికి ఆమె పొలం ఇవ్వలేదు, బంగారం ఇవ్వలేదు, ఇచ్చిందల్లా భయమే. ఆ డబ్బా అన్నీ లాక్కుంది గానీ దీన్ని మాత్రం లాక్కోలేదు. ఏమీ గుర్తులేని మనిషి కోసం పిల్ల ఇప్పుడు భయపడుతోంది.

"ఏమీ అవదు," అంది నూకరత్నం. ఆ రెండు మాటలు ఆమె నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. గంగ వింతగా చూసింది.

"నీకెలా తెలుసు? నువ్వెప్పుడైనా పలికి చూశావా?"

నూకరత్నం చేతిలో చేప తల తుంచింది.

"అమ్మా. నాన్న పేరేంటి?"

"నీకు తెల్సు."

"నాకు తెలుసు. నువ్వు చెప్పు. నువ్వు చెబితే నేనూ చెప్తాను."

అవతల ఇనుపపెట్టె మూత పడింది. గొళ్ళెం పెట్టిన చప్పుడైంది.

ఆ పేరు పలికితే రెండిట్లో ఒకటి జరగాలి. ఆయనకి ఏదైనా కీడు జరగాలి. లేదంటే, ఆయనకి ఇంక జరగడానికి ఏమీ మిగల్లేదని తనే ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ గొంతులో పట్టుకుని ఉన్న ఆ మాట ఒక్కటే పడవకి లంగరు. అది వదిలేస్తే పడవ ఎక్కడికి పోతుందో ఆమెకి తెలుసు. అందరికీ ఎప్పుడో తెలుసు. జాతరలో కొంగులు పట్టుకుని ఏడిపించిన మరదళ్ళు ఏ సంవత్సరం నుంచి అడగడం మానేశారో కూడా ఆమెకి తెలుసు.

కుళాయి కింద గిన్నెలో చుక్క పడింది. నిరంజన్ గదిలోంచి బయటికి వచ్చాడు. పెట్టె కింద పెట్టి, గుమ్మంలో వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. వీపు ఇటువైపు ఉంది. గంగ అతన్ని చూడలేదు, అమ్మనే చూస్తోంది. ఇంకో చుక్క పడింది. నూకరత్నం కిటికీలోంచి బయటికి చూసింది. రాతిగుట్టలు, ఇళ్ళ కప్పులు, మళ్ళీ గుట్టలు. చూసినంత మేరా నీళ్ళు లేవు. చేతికంటిన చేపపొట్టు కొంగుకి తుడుచుకుంది. బొట్టు ఉన్నచోటికి ఒకసారి వేలు వెళ్ళింది.

నిరంజన్ పెట్టె ఎత్తుకున్నాడు.

"గరగయ్య," అంది నూకరత్నం.